తెర మారినా అక్షరం చెదరకూడదు



ఉర్దూ పాఠాలు చెప్పుకునే మాకు సెల్‌ఫోను తెర సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు అయినా, పింఛను వివరమైనా నేడు ఆ తెర మీదనే గదా చూస్తున్నాము! మన యాదగిరిగుట్టలో తండ్రిది చిన్న ఫోను, కొడుకుది పెద్ద ఫోను, నెట్ సెంటరులో కంప్యూటరు. ఒకదానిలో కనబడ్డ బటన్ ఇంకోదానిలో తెగిపోతే దరఖాస్తు ఆగుతుంది, ఆఖరు తేదీ ఆగదు.

ఉర్దూకు ఈ కష్టం మరీ ఎక్కువ. రాత కుడి నుంచి ఎడమకు పోతుంది. నస్తాలీఖ్‌లో మాట ఏటవాలుగా కిందికి దిగుతుంది. వరుసకు ఎత్తు చాలకుంటే చుక్కలు తెగుతాయి. 'పానీ' అంటే నీళ్లు. 'పే' కింది మూడు చుక్కల్లో రెండు పోతే 'బానీ', అంటే స్థాపకుడు! తెలుగు వత్తులకూ ఇదే గతి. 2017లో తెలంగాణ అంతటికీ ఉర్దూ రెండవ అధికార భాష అయ్యింది. చట్టంలో ఉన్న భాష తెర మీద చదవరాకుంటే ఏం లాభం?

దీనికి మార్గం ఉంది. తయారుచేసేవారు ఒక్కొక్క బటన్‌ను విడిగా తీసి, చిన్న తెరలో, పెద్ద తెరలో, తెల్లని నేపథ్యంలో, నల్లని నేపథ్యంలో బొమ్మ పట్టి, పాత బొమ్మతో పోల్చుతారు. స్టోరీబుక్ వంటి సాధనాలు ఇందుకు తోడ్పడతాయి. మామూలు అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. తేడా వచ్చిందని యంత్రం చెబుతుంది. అది తప్పో ఒప్పో భాష తెలిసిన కన్నే చెప్పాలి.

అందుకే కంప్యూటరు చదివే మన పిల్లలు ఉర్దూ, తెలుగు రెండూ మరువవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.