పెరటికోడికి చక్రముల ఇల్లు



పల్నాడనగానే కోడి జ్ఞప్తికి వచ్చుట సహజము. 12వ శతాబ్దమున గురజాలకును మాచర్లకును నడుమ రగిలిన వైరము కోడిపందెముతో ముదిరినదనియు, పందెమున ఓడిన మాచర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలసివచ్చినదనియు, తుదకు కారెంపూడి రణరంగమున ఉభయపక్షముల వీరులును నేలకొరిగిరనియు పల్నాటి వీరుల కథ చెప్పుచున్నది. నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో ఐదుదినములు వీరుల ఉత్సవములు జరుగును. అందొక దినమునకు కోడిపోరు అనియే పేరు.

ఇట్లు పందెపుకోడికి చరిత్రలో చోటు దొరకినది. పెరటిలో గుడ్లు పెట్టు పెట్టకు మాత్రము రాత్రివేళ తలదాచుకొనుటకు సరియైన చోటు నేటికిని దొరకలేదు. నేను ముచ్చటింపదలచినది ఆ పెట్టను గూర్చి.

మన పల్లెలలో మిరప, పత్తి పంటల సొమ్ము ఏడాదికొకమారు వచ్చును. వచ్చిన దారినే అప్పులవారి ఇంటికి పోవుటయు కద్దు. గుడ్ల సొమ్ము అట్టిది కాదు. అది వారము వారము వచ్చును, ఇల్లాలి కొంగుముడిలో చేరును. పిల్లల పుస్తకములకును, జబ్బుచేసిన నాటి మందునకును, చెప్పకుండ వచ్చిన చుట్టమునకు వండు కూరకును అదియే ఆధారము. పది పెట్టలున్న ఇంట ఒక్క రాత్రి అడవిపిల్లి చొరబడెనేని, ఆ ఇల్లాలి ఏడాది రాబడి తెల్లవారునప్పటికి ఈకలై పెరటిలో పడియుండును.

ఈ భయము పూర్వముకంటె నేడు హెచ్చినది. దానికొక కారణము కలదు. మన నాటుకోడి చురుకైనది. ప్రమాదము పసిగట్టిన చెట్టెక్కును, గోడ దూకును. అయితే అది ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టుట అరుదు. అందువలన హైదరాబాదు రాజేంద్రనగరములోని కేంద్రప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను జాతులను రూపొందించినది. వనరాజ పెట్ట పెరటి మేతతోనే నూరు గుడ్లకు పైబడి పెట్టగలదు, గ్రామప్రియ అంతకంటెను ఎక్కువ. కాని వనరాజ ఒడలు బరువు. నాటుకోడివలె ఎగిరి కొమ్మపై వాలజాలదు. రాబడి పెంచుకొన్నవారు కాపుదలయు పెంచుకొనక తప్పదు.

ఇక శత్రువులెవరో చూతము. పగటివేళ గద్దయు, కాకియు పిల్లలను తన్నుకొనిపోవును. ముంగిస పట్టపగలే కంచె సందున దూరును. రాత్రివేళ జంగుపిల్లి, నక్క, ఊరకుక్క తిరుగును. పాము గుడ్లకును, పిల్లలకును వచ్చును. పందికొక్కు నేలను త్రవ్వి క్రిందినుండి వచ్చును. నాగార్జునసాగరము వైపు అడవికి చేరువనున్న మాచర్ల ప్రాంతపు గ్రామములలో ఈ బెడద మరింత ఎక్కువ. ఒక్కొక్కదాని దారి వేరు. కుక్క బలముతో త్రోయును, పిల్లి గోళ్లతో లాగును, ముంగిస సందు వెదకును, పందికొక్కు పునాది వెదకును. ఈ నాలుగు దారులను మూయనిదే గూడు గూడు కాదు.

మన పెద్దలకు ఈ విషయమున రెండు సాధనములుండెను. ఒకటి కోళ్లగంప, రెండవది రాతిగూడు. గంపను ఎక్కడికైనను జరుపవచ్చును, కాని కుక్క మూతితో ఎత్తిన అది పల్టీ కొట్టును. నాపరాతి పలకలు నిలిపి కట్టిన గూటిని కుక్క కదల్పలేదు. కాని దానికి వేరొక దోషమున్నది. ఏండ్ల తరబడి ఒకేచోట కోళ్లు పడుకొనుటవలన నేల చెడును. రాళ్ల సందులలో పిడుదులు పగలెల్ల దాగియుండి రాత్రి వెలువడి కోళ్ల రక్తము పీల్చును. తడిసిన రెట్టలో రక్తవిరేచనముల తెగులు క్రిములు రెండు దినములలోనే ముదిరి, నేలను గీరు పిల్లల కడుపులో చేరును. గంప చలనమును, రాతిగూటి భద్రతను ఒకటిగా చేయగలిగిన మన పని నెరవేరినట్లే.

ఇందులో మనకు తెలియని విద్య యేదియు లేదు. దుక్కికి ముందు చేనిలో గొర్రెలమంద కట్టించుట పల్నాటి రైతునకు తాతలనాటి వాడుక. ఈ రాత్రి ఒక చెక్క, రేపు రాత్రి ప్రక్క చెక్క. మంద జరిగిన కొలది చేనంతయు ఎరువగును. ఇంగ్లండులోను గత శతాబ్దపు పూర్వార్ధముననే రైతులు గొర్రెలమందను జూచి, కోళ్లకును అట్టి కదలెడు గూళ్లు చేసి పచ్చికబయళ్లలో దినదినము జరుపసాగిరి. అమెరికాలో అట్టి గూటిని నేడు కోళ్ల ట్రాక్టరు అని పరిహాసముగా పిలుతురు. కోళ్లు నేలను గీరును, పురుగును ఏరును, ఎరువు వేయును గదా! కోడిరెట్ట పశువుల పేడకంటె నత్రజని అధికముగా గలది. ఒకేచోట కుప్పపడిన మొక్కను మాడ్చును, చెదరి పడిన మొక్కను పెంచును. గూటిని కదల్చుటలోని ప్రయోజనమంతయు ఇందే యున్నది.

పది పెట్టలకు సరిపడు గూటి కొలతలు చెప్పెదను. పొడవు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు, ఎత్తు 4 అడుగులు. ఇందు ఒక సగము రాత్రి గది, మిగిలిన సగము జాలి కట్టిన వాకిలి. చట్రమునకు సర్వి వాసములైనను, వెల్డింగు దుకాణములో దొరకు పలుచని చదరపు ఇనుపగొట్టములైనను పనికివచ్చును. తుమ్మకర్ర గట్టిదే కాని బరువు. ఇద్దరు మనుష్యులు కదల్పలేని గూడు నాలుగవనాటికి రాతిగూడే యగును.

రాత్రి గది అడుగు నేలకు అడుగున్నర ఎత్తున నుండవలెను. అడుగునకు జాలియే వేయవలెను. రెట్ట నేలపై రాలిపోవును, కోడి దానిని త్రొక్కదు. ఈ జాలి కన్ను ఒకవైపు అంగుళము, ఒకవైపు అరంగుళము ఉన్న రెట్ట నిలువక జారును. గదిలో 4 అడుగుల దూలములు రెండు అడ్డముగా అమర్చవలెను. ఒక్కొక్క కోడికి 8 అంగుళముల చోటు కావలెను గనుక ఒక్కొక్క దూలముపై ఆరేసి కోళ్లు కూర్చుండగలవు. దూలము రెండంగుళముల మందముండి, అంచులు నునుపుగా చెక్కియుండవలెను. దూలమునకును గోడకును నడుమ అడుగుకు తక్కువ కాకుండ ఎడముండవలెను. గుడ్లకు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల పెట్టెలు రెండు చాలును. వానిని గది వెలుపలి వైపునకు అమర్చి మూత పెట్టిన, లోనికి వంగకయే గుడ్లు తీసికొనవచ్చును.

జాలి విషయమున పొదుపు పనికిరాదు. అంగడిలో కోళ్లజాలి యని అమ్ము ఆరుమూలల కన్నుల పలుచని జాలి కోడిని లోపల ఉంచుటకే గాని కుక్కను వెలుపల ఉంచుటకు కాదు. కుక్క పండ్లతో దానిని చీల్చగలదు. దాని కన్నులలోనుండి పిల్లి గోరు దూర్చి, జాలికి ఆని నిద్రించు కోడిని పట్టగలదు. తీగలు కలిసిన చోటనెల్ల అతుకువేసిన వెల్డుమెష్ జాలి, అరంగుళపు కన్నులది, కొనవలెను. ముంగిసయు, పెద్ద పామును అందు దూరజాలవు. దానిని చట్రమునకు చిన్న మేకులతో గాక, పైన బద్ద వేసి మరలతో బిగింపవలెను. తలుపునకు గొళ్లెమొకటి చాలదు. కుక్క మూతితో తట్టిన గొళ్లెము లేచును. పైనొకటి, క్రిందనొకటి పెట్టి రెండింటికిని చీల దూర్చవలెను.

చక్రముల అమరిక ముఖ్యము. బరువంతయు రాత్రి గదివైపు ఉండును గనుక ఆ కొననే రెండు చక్రములు వేయవలెను. రెండవ కొనను తోపుడుబండికి వలె పిడులు. పిడులెత్తినప్పుడే చక్రములు బరువు మోయవలెను, దించినప్పుడు చట్రము చుట్టును నేలనంటి కూర్చుండవలెను. రేగడినేలలో సన్నని సైకిలు చక్రములు దిగబడును గనుక వెడల్పు చక్రములు మేలు. వేసవిలో రేగడి నెఱ్ఱెలు వారును. ఆ నెఱ్ఱెలే ముంగిసకు సొరంగములు. అందుచేత చట్రము చుట్టును అడుగు వెడల్పు జాలిని కీళ్లతో తగిలించి, గూడు నిలిపిన చోట దానిని నేలపై పరచి, నాపరాతి ముక్కలు బరువుగా పెట్టవలెను. త్రవ్వవచ్చిన జంతువు గూటి అంచుననే త్రవ్వును, కాళ్లక్రింద జాలి తగిలిన విడిచిపోవును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొనియు నేను పొందిన నష్టమొకటి చెప్పెదను, వినుడు. గూడు సిద్ధమైన ఉత్సాహమున, వారము దినములైనను గడువకముందే దానిని దొడ్డి ఈ కొననుండి ఆ కొనకు, ఇంచుమించు 50 గజములు, ఒక్కమారుగా జరిపితిని. సాయంకాలము పనిమీద ఊరిలోనికి పోయి చీకటి పడిన పిదప తిరిగి వచ్చి, కోళ్లు లోపల చేరియుండునని తలచి తలుపు మూసితిని. తెల్లవారి చూడ గూడు శూన్యము. నాలుగు పెట్టల ఈకలు పాతచోటున చెల్లాచెదరుగా పడియున్నవి. మిగిలినవి చింతచెట్టు మొదట ముడుచుకొని కూర్చున్నవి. జాలి చెక్కుచెదరలేదు, గొళ్లెము ఊడలేదు. కోళ్లు పొద్దుగ్రుంకిన వేళకు తమకు తెలిసిన చోటికే పోయి, లేని గూటికొరకు వేచియుండెను. జంగుపిల్లికి అంతకంటె ఏమి కావలెను?

మా అమ్మ ఆ ఈకలను ఊడ్చుచు ఒక్క మాట అన్నది. “గూడైతే మార్చావు గానీ నాయనా, ఆ సంగతి కోళ్లకు చెప్పావా?”

కోడి తన ఇంటిని గుర్తించునది ఆకారమును బట్టి కాదు, చోటును బట్టి. ఆ సంగతి దానికి చెప్పు పద్ధతి యున్నది. క్రొత్త గూటిలో మొదట మూడు నాలుగు దినములు మేత, నీరు లోపలనే పెట్టి కోళ్లను విడువకుండ ఉంచవలెను. పిదప దినమునకొకమారు గూటి పొడవు మేరనే, అనగా 8 అడుగులే జరుపవలెను. దూరము జరుపవలసివచ్చిన, రాత్రి కోళ్లు లోపల ఉండగా మెల్లగ జరిపి, మరునాడంతయు మూసియే ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యము, దీపాలవేళ తలలు లెక్కపెట్టి తలుపు మూయవలెను. ఆ లెక్క తప్పినరాత్రి ఏ జాలియు కోడిని కాపాడదు.

ఎండను గూర్చియు రెండు మాటలు. రెంటచింతల వేసవి రాష్ట్రమంతట ప్రసిద్ధము. కోడికి చెమట పట్టదు, నోరు తెరచి రొప్పుటయే దానికి దిక్కు. రేకుకప్పు పలుచనిది, తేలికయైనది, కాని ఎండలో పెనమగును. రేకుపై పిడుగురాళ్ల సున్నము దట్టముగా పూసి, దానిపై తాటాకు పరచిన వేడి తగ్గును. గోడల పైభాగమున జానెడు మేర జాలియే విడిచిన గాలి ఆడును. పొడవు తూర్పుపడమరలుగా నిలిపిన ఉదయపుటెండయు, సాయంకాలపుటెండయు పెద్ద ప్రక్కలపై కొట్టవు. మధ్యాహ్నము గూటిని వేపనీడకు చేర్చుట మరువరాదు.

రాత్రి గూటిలో గింజలు మిగులనీయరాదు. గింజకు ఎలుక వచ్చును, ఎలుక వెంట పాము వచ్చును. పురుగుమందు క్రొత్తగా చల్లిన మిరప, పత్తి చేలలో గూటిని నిలుపరాదు. కొక్కెర తెగులును ఏ జాలియు ఆపదు. పిల్లలకు మొదటివారముననే కంటిలో చుక్కల మందును, ఎనిమిదవ వారమున సూదిమందును పశువైద్యశాలవారిచే వేయింపవలెను.

కడపటి మాట. కోడి పోయిన కోపమున ఉచ్చులు పన్నుట, విషము పెట్టుట కొందరి వాడుక. అడవిపిల్లిని గాని, ముంగిసను గాని చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. అంతేకాదు, చేనిలోని ఎలుకలను తిని మన పంటను కాపాడునవియు ఇవియే. వాని ఆకలి వాని ధర్మము. తలుపు మూయుట మన ధర్మము. కోడిని పెంచు ప్రతి ఇంటను దీపము వెలిగించు వేళకు గూటి తలుపు మూయుటయు ఒక నియమము కావలెనని కోరుచు సెలవు తీసికొందును.