బీడుభూములలో జీవయాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పాఠశాలలో అధికముగా చదివినవాడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, రాత్రులయందు ఈ గ్రంథాలయపు దీపము క్రింద భారతమును, కావ్యములను కూడబలుకుకొని చదివినవాడను. అట్టివాడు ప్రకృతిశాస్త్రమును గూర్చి మాటాడుటకు ఒక కారణము కలదు. మన యూరి తూర్పుననున్న మేత పోరంబోకును దున్నించవలెనను మాట కొన్నాళ్లుగా వినవచ్చుచున్నది. లెక్కలలో ఆ నేలకెదురుగా ఏటేట “బీడు” అని వ్రాసినది ఈ చేయియే. ఆ మాటలోని లోపమును మీ యెదుట ఒప్పుకొనవలెనని వచ్చితిని.

మొదట గడ్డి సంగతి. చెట్టునకు చిగురు కొమ్మ చివరనుండును. గడ్డికి పెరుగు చోటు నేలకు ఆనుకొని మొదటనుండును. కావున పశువు మేసినను, నిప్పు పైపైన ప్రాకినను, చినుకు పడగనే మరల చివురించును. దాని వేళ్లు అల్లుకొని మట్టిని వానకు కొట్టుకొనిపోనీయవు.

ఎడారి మొక్కల నేర్పు వేరు. అమెరికా ఖండమునుండి వచ్చి మన కంచెలకెక్కిన నాగజెముడును చూడుడు. ముండ్లుగా మారినవి దాని ఆకులే. పచ్చగా వెడల్పుగా కనబడునది కాండము. పగటి యెండలో నీరు ఆవిరియై పోకుండ తన సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రివేళ తెరచి గాలిని గైకొనును. జమ్మిచెట్టు మార్గము మరియొకటి. అది వేరును మిక్కిలి లోతునకు పంపి అచ్చటి తేమను తెచ్చుకొనును. థారు ఎడారిలో నడివేసవియందును పచ్చగానుండును. విరాటపర్వమున పాండవుల ఆయుధములను దాచిన శమీవృక్షమిదియే. నేడు తెలంగాణకును, రాజస్థానమునకును ఇది రాష్ట్రవృక్షము.

జంతువులలో ఒంటెను చెప్పుకొందము. దాని మూపురములో నీరుండునని చిన్ననాట వింటిమి. అందున్నది క్రొవ్వు. 1953-54లో ష్మిట్-నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు సహారాలో ఒంటెలను పరిశీలించి అసలు మర్మమును వెల్లడించెను. నీరు దొరకనపుడు ఒంటె తన యొడలి వేడిని తెల్లవారుజామున సుమారు 34 డిగ్రీలకు దిగనిచ్చి, పగలు 40 డిగ్రీలు దాటువరకు ఎక్కనిచ్చును. చెమటోడ్చి చల్లబడుటకు తొందరపడదు. ఆ మేరకు నీరు మిగులును. నీరు దొరికిననాడు కొలది నిమిషములలోనే 100 లీటర్ల వరకు త్రాగగలదు.

గడ్డినేలలో దాగుటకు చెట్టుచాటు లేదు. కావున కృష్ణజింక కన్నును, కాలును, మందను నమ్ముకొన్నది. శాకుంతలమున దుష్యంతుని రథమునే పరుగులు పెట్టించినది ఈ జింకయే. ఇది గంటకు 80 కిలోమీటర్ల వేగమును అందుకొనగలదు.

బట్టమేక పిట్ట కథ దుఃఖకరము. మగపిట్ట 15 కిలోల వరకు తూగును. ఆడుపిట్ట గూడు కట్టక, వట్టినేలపై సాధారణముగా ఒక్క గ్రుడ్డునే పెట్టును. నేలరంగులో కలిసిపోవుటయే ఆ గ్రుడ్డునకు రక్ష. నక్క కన్ను కప్పగల ఆ రంగు నాగలి నుండి కాపాడలేకపోయినది. నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో 1988లో దీనికొరకు అభయారణ్యము నేర్పరచిరి. అయినను చుట్టుప్రక్కల గడ్డినేలలు సేద్యమునకు పోయినవి. వేటయు, విద్యుత్తు తీగలును తోడైనవి. ఇప్పుడు దేశమంతటను అడవిపట్టున మిగిలిన బట్టమేక పిట్టలు 200 కన్న తక్కువ.

సోదరులారా! పంట పండని నేల వట్టినేల యని మన లెక్క. ఆ లెక్కలో గడ్డివేరు లేదు, గువ్వగ్రుడ్డు లేదు; మన గొల్లల మందలకు వేసవి మేతయు లేదు. వేల తరములుగా కుదిరిన పొందిక ఒక్క దుక్కితో చెదరును. మరల కూర్చుట మన తరము కాదు. భూమి లేని పేదకు భూమి కావలెననుట న్యాయమే, నేను కాదనను. అందుకు వేరు నేల వెదకుటలో నా లెక్కల పుస్తకములతో మీ వెంట తిరిగెదను. ఈ నేలకు నాగలి కట్టుటకు ముందు, తొలకరి పడిన మరునాటి ఉదయమున ఒక్కమారు నాతో అచ్చటికి నడచి రండు. కన్నులార చూచిన పిమ్మట అది బీడో కాదో మీరే నిర్ణయింపుడు.