ఇంటర్వ్యూ అయ్యాక రాసే నాలుగు వాక్యాలు

డ్యూటీ దిగి, కొందరు స్నానం కూడా చేయకుండా బస్సెక్కి వచ్చారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడం. మాకు ఉపన్యాసాలు చెప్పే అలవాటు లేదు. పొద్దున టూల్‌బాక్స్ టాక్ చెప్పడం వచ్చు, అదీ పది నిమిషాలు దాటితే మీరే గడియారం చూస్తారు.

మేమంటే ఎవరో కొత్తవాళ్ల కోసం ఒక మాట. మేము ముగ్గురం. ముగ్గురమూ ఊళ్లో పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇక్కడ దుబాయిలో సైట్ సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవాళ్లం. శనివారం రాత్రి భోజనాలయ్యాక క్యాంపు మెస్ హాల్లో ఇంగ్లీషు క్లాసు నడుపుతున్నాం. 2022లో ఇక్కడ వారాంతపు సెలవులు మారాక మా దగ్గర చాలామందికి ఆదివారం ఖాళీ దొరుకుతోంది, అందుకే శనివారం. వచ్చేవాళ్లు స్టీల్ ఫిక్సర్లు, షట్టరింగ్ కార్పెంటర్లు, మేసన్లు, ప్లంబర్లు, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కువాళ్లు ఎక్కువ, కోనసీమవాళ్లు, రాయచోటివాళ్లు కూడా ఉన్నారు. మమ్మల్ని ఇవాళ మాట్లాడమన్నది ఆ క్లాసులో ఒక్క పాఠం గురించి. ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాక, ఇంటర్వ్యూ చేసినాయనకు థాంక్స్ చెబుతూ మెయిల్ రాయడం.

ముందు మేము చేసిన తప్పు చెబుతాం.

క్లాసు మొదలుపెట్టిన కొత్తలో ఒక కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందని తెలిసి మన క్లాసు నుంచి ఏడుగురు ఒకే రోజు ఇంటర్వ్యూకు వెళ్లారు. రాత్రి ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. “అన్నా, మెయిల్ ఏం రాయాలె?” మేమూ స్లాబు పని చూసుకుని అలసిపోయి ఉన్నాం. మొదట ఫోన్ చేసిన మేసన్ చెప్పినదాన్ని బట్టి మంచి ఇంగ్లీషులో ఒక మెయిల్ రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం. “పేరు, పోస్టు మార్చుకుని పంపండి” అన్నాం. పాఠం బాగా చెప్పామని సంతోషపడ్డాం కూడా.

రెండు నెలలకు ఆ ఇంటర్వ్యూలో కూర్చున్న ఇంజనీరు మాలో ఒకరికి వేరే పని మీద కలిశాడు. మాటల్లో ఈ సంగతి వస్తే నవ్వుతూ ఫోన్ తీసి చూపించాడు. ఒకే రాత్రి వచ్చిన ఏడు మెయిళ్లు, అక్షరం తేడా లేదు. “కాంక్రీట్ క్యూరింగ్ గురించి మీరు చెప్పిన మాటలు నాకు పనికొచ్చాయి” అని ప్లంబర్ కూడా రాశాడు. ప్లంబర్‌తో ఆయన క్యూరింగ్ ముచ్చట ఎందుకు పెడతాడు? ఇంకొకడు తన పేరు వేయడం మరిచి, పక్క మంచం వాడి పేరుతోనే పంపాడు. ఆ పక్క మంచం వాడి పేరుతో రెండు మెయిళ్లు పోయాయి, వీడి పేరుతో ఒక్కటీ పోలేదు.

ఆ ఏడుగురిలో ఇద్దరిని తీసుకున్నారు, ట్రేడ్ టెస్ట్ బాగా చేసినందుకు. మిగిలినవాళ్లలో ఒక షట్టరింగ్ కార్పెంటర్ అప్పటికే వీసా క్యాన్సిలై గడువు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. టెస్టులో అతనూ ఇంకొకతనూ సమానంగా వస్తే, ఈ మెయిళ్లు చూశాక, ఇతని బయోడేటా కూడా ఎవరిదో చూసి రాసిందేమోనని అనుమానమొచ్చి పక్కన పెట్టామని ఆ ఇంజనీరు మామూలుగా అన్నాడు. ఆయనకు అది చిన్న మాట. మా తమ్ముడు అప్పటికే ఇంటికి పోయాడు. ఇల్లు కట్టిన అప్పు అట్లనే ఉంది. ఈ సంగతి అతనికి చెప్పాలా వద్దా అని మూడు వారాలు మాలో మేమే కొట్టుకున్నాం. చివరికి ఫోన్ చేసి చెప్పాం. “మీరు మంచికే చేసిండ్రు గదన్నా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి మా క్లాసులో రెడీమేడ్ మెయిల్ ఎవరికీ ఇవ్వం. అడిగినా ఇవ్వం.

అసలు ఈ పాఠం మనవాళ్లకు ఎందుకు కష్టమో తర్వాత ఆలోచించాం. ఇంగ్లీషు ఒక్కటే కారణం కాదు. ధన్యవాదాలు అన్న మాట మనం సభల్లో, శుభలేఖల్లో తప్ప ఇంట్లో వాడం. బండి మీద బస్టాండు దాకా దింపిన బావకు ధన్యవాదాలంటే, “ఏంరా, పరాయోళ్లమా?” అంటాడు. మేలు చేసినవాడికి మనం మాటతో కాదు, చేత్తో తిరిగిస్తాం. కోతలయ్యాక బియ్యం సంచి పంపుతాం, కాలం వస్తే ఒక గంప మామిడికాయలు పంపుతాం. మంచి పద్ధతే, కానీ ఇక్కడ దాన్ని వేరేగా అనుకుంటారు. ఒక తమ్ముడు ఇంటర్వ్యూ చేసినాయనకు ఊరి నుంచి వచ్చిన సకినాల ప్యాకెట్ ఇచ్చి వస్తానని బయల్దేరితే గేటు దగ్గర పట్టుకుని ఆపాం. ఆ సకినాలు ఆ రాత్రి క్లాసులో అయిపోయాయి, అది వేరే సంగతి.

చేత్తో వద్దు, మాటతో చెప్పు అంటే ఇంకో చివరకు పోతాం. “రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ పూర్ మ్యాన్, టూ సిస్టర్స్ మ్యారేజ్ పెండింగ్, కైండ్‌లీ డూ ద నీడ్‌ఫుల్.” ఇది మండలాఫీసులో అర్జీ రాసిన అలవాటు. అక్కడ కష్టం చెప్పుకోకపోతే కాగితం కదలదు. ఇంటర్వ్యూ చేసినాయన మనకు పింఛను మంజూరు చేయడం లేదు. వచ్చే వారానికి ఆయనకు ఇరవైమంది స్టీల్ ఫిక్సర్లు కావాలి. లేకపోతే ఆయన ముదీర్ ఆయన్ని తిడతాడు. మనకు పని ఎంత అవసరమో ఆయనకు మనిషి అంత అవసరం. ఆయన మనకిచ్చింది పావుగంట సమయం. థాంక్స్ ఆ పావుగంటకు. అంతకు మించి వంగాల్సిన పని లేదు.

మాలో ఒకరు ఈ మధ్య ట్రేడ్ టెస్టు బల్లకు అవతలి పక్క కూడా కూర్చుంటున్నారు. అక్కడి సంగతి వినండి. పొద్దున్నుంచి నలభైమంది వస్తారు. మధ్యాహ్నానికి ముఖాలు కలిసిపోతాయి. కాగితంలో అందరికీ “గల్ఫ్ అనుభవం 5 ఏళ్లు” అనే ఉంటుంది. రాత్రి ఒక మెయిల్ వచ్చి, “లాపింగ్ గురించి మీరు అడిగారు, నేను బొమ్మ గీసి చూపించాను” అని ఉంటే, ఆ గీసిన చెయ్యి గుర్తొస్తుంది. మెయిల్ చేసే పని అంతే. ట్రేడ్ టెస్టులో కడ్డీ వంకరగా వంచినవాడికి ఏ మెయిల్ కూడా ఉద్యోగం తెచ్చిపెట్టదు. అది నమ్మి ఎవరూ క్లాసుకు రావద్దు.

ఇప్పుడు మేము చెప్పే పద్ధతి ఇది. ఇంటర్వ్యూ గది బయటికి రాగానే, బస్సు ఎక్కకముందే, ఫోన్ తీసి తెలుగులో మీతో మీరే మాట్లాడి రికార్డు చేసుకోండి. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఏం చెప్పాను, ఏం చెప్పలేకపోయాను. రూముకు వచ్చేసరికి సగం మరిచిపోతాం, అందుకని. క్లాసులో ఆ రికార్డు వింటాం. అందులోంచి ఆ ఇంటర్వ్యూలోనే జరిగిన, ఇంకెవరికీ జరగని ఒక్క ముక్క ఏరుకుంటాం. ఆ తర్వాతే ఇంగ్లీషు. సమయం ఇచ్చినందుకు థాంక్స్ ఒక వాక్యం. ఆ ముక్క ఒకటి రెండు వాక్యాలు. పనిలోకి ఎప్పటి నుంచి రాగలనో ఒక వాక్యం. కింద పేరు, ఫోన్ నంబరు. జీతం బేరం ఇందులో వద్దు, ఇంటి కష్టాలు వద్దు, పాస్‌పోర్టు ఫొటో అసలే వద్దు. ఆ రాత్రే పంపాలి, కాకపోతే మర్నాడు పొద్దున.

ఒక్క ఉదాహరణ చెబుతాం. సిరిసిల్ల దిక్కు స్టీల్ ఫిక్సర్ ఒకతను చార్జ్‌హ్యాండ్ పోస్టుకు వెళ్లాడు. “నేలలో ఉండే పునాదికి కవర్ ఎంత?” అని అడిగితే భయంలో 25 మిల్లీమీటర్లు అన్నాడు. బయటికొచ్చి తల కొట్టుకున్నాడు. ఆ రికార్డు మేము విన్నాం, సగం ఏడుపు గొంతే. “ఇంకేం రాస్తానన్నా, ఖల్లివల్లి” అన్నాడు. అదే రాయి అన్నాం. గంటన్నర కూర్చున్నాం. తెలుగులో అతను చెప్పింది ఇది: “పునాది కవర్ గురించి మీరడిగితే తడబడి 25 అన్నాను. అది తప్పు. ఇక్కడి నేలలో ఉప్పు ఎక్కువ, కవర్ తక్కువైతే కడ్డీ తుప్పు పడుతుంది. డ్రాయింగు చూసి పెట్టాలి. నేను చేసిన సైటులో పునాదికి 75 పెట్టాం, కవర్ బ్లాకులు నేనే సరిచూసేవాణ్ని.” దాన్ని ఇంగ్లీషులోకి మార్చాం. గ్రామరు తప్పులు ఒకటి రెండు ఉన్నాయి, అట్లనే వదిలేశాం. అతని ఇంగ్లీషు అతనిలాగే ఉండాలి. రేపు పిలిచి మాట్లాడితే, మెయిల్ రాసిన మనిషీ ఫోన్లో మాట్లాడే మనిషీ ఒక్కడే అనిపించాలి గదా. మూడో రోజు ఫోన్ వచ్చింది. చార్జ్‌హ్యాండ్ ఇవ్వలేదు. స్టీల్ ఫిక్సర్‌గానే తీసుకుని, ఆరు నెలలయ్యాక చూస్తామన్నారు. వాళ్లు చూశారో లేదో ఇంకా తెలియదు, ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది.

పేరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మనవాళ్లు అక్కడే పడుతున్నారు. మనకు ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి. ఇంటర్వ్యూ షీటులో ఉండేది పాస్‌పోర్టు పేరు. మెయిల్ వచ్చేదేమో “ప్రిన్స్ రాజు 143” నుంచి. అవతలివాడు ఈ ప్రిన్స్ ఎవరని ఎక్కడ వెతకాలి? కొత్త మెయిల్ ఐడీ చేసుకోండి, పాస్‌పోర్టులో పేరు ఎట్లుంటే అట్ల. సబ్జెక్టు గడిలో పేరు, పోస్టు, ఇంటర్వ్యూ తేదీ వేయండి. ఇక ఇంటర్వ్యూ ఏజెంటు ద్వారా జరిగితే కంపెనీవాళ్ల మెయిల్ మన దగ్గర ఉండదు. లేచి వచ్చేటప్పుడు “మెయిల్ ఐడీ ఇస్తారా సర్” అని అడగండి. ఇవ్వకపోతే అక్కడే నోటితో థాంక్స్ చెప్పి, చేసిన ఆ ఒక్క ముక్క గుర్తుచేసి రండి.

మీ మెయిల్‌కు జవాబుగా డబ్బు కట్టమని ఎవరైనా రాస్తే అక్కడితో ఆపేయండి. మాకు చూపించండి. యూఏఈ చట్టం ప్రకారం ఉద్యోగంలోకి తీసుకునే ఖర్చు కార్మికుడి మీద వేయకూడదు. ఇండియా వైపు రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతవరకే.

పోయిన వేసవిలో ఒక పెద్దాయన మమ్మల్ని అడిగాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపుతారు గదా, ఆ టైములో నీడలో కూర్చుని కుర్రాళ్లు ఈ రికార్డింగులు ప్రాక్టీసు చేస్తున్నారు. ఆయన చూసి, “ఇరవై రెండేళ్లు ఇక్కడ గోడలు కట్టిన. ఎవ్వనికీ థాంక్స్ రాయలే. గోడ చూసి పిలిచిండ్రు. ఇదంతా కాకా పట్టుడు కాదా?” అన్నాడు. ఆయన మాట మేము కొట్టిపారేయలేదు. గోడ చూసి పిలిచే రోజుల్లో ఆయన్ని పిలిచినవాడు అదే సైటులో ఉండేవాడు. ఇప్పుడు మన గోడ చూడనివాడు ఎక్కడో ఆఫీసులో కూర్చుని మన కాగితం చూస్తున్నాడు. అబద్ధం రాస్తే కాకా, జరిగింది రాస్తే కాదు అన్నాం. పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ పోయిన నెల ఆయన కొడుకుని క్లాసుకు తీసుకొచ్చి వెనక బల్ల మీద కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడు.

ఊరికి వెళ్లిపోయిన ఆ కార్పెంటర్ తమ్ముడు మళ్లీ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు. పది రోజుల కింద హైదరాబాదులో ఒకటి అయింది. బస్సులోంచే రికార్డు పంపాడు, మెయిల్ తనే రాసి మాకు చూపించాడు. మేము ఒక్క కామా తప్ప ఏం మార్చలేదు. జవాబు ఇంకా రాలేదు. “ఇంకోటి పంపాల్నా అన్నా?” అని నిన్న అడిగాడు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఒక్కటి పంపు, మూడోది వద్దని చెప్పాం.

ఈ శనివారం క్లాసు 8:30కి. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రండి. పాస్‌పోర్టులో మీ పేరు అక్షరం పొల్లు పోకుండా ఒక కాగితం మీద రాసుకొని తెండి.