ఏడాదికి రెండు నెలల యూనిఫారం, ఒకే ఒక్క కుర్చీ
(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల శిబిరంలో సైన్యం గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నొసలు చిట్లించారని నాకు తెలుసు. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. 2004 జూలైలో ఇంఫాల్‌లోని కాంగ్లా కోట ముందు మణిపూర్ తల్లులు బట్టలు విప్పి నిలబడి చేసిన నిరసన ఈ హాల్లో ఎవరూ మరిచిపోలేదు. యూనిఫారం స్త్రీల మీద ఏం చేసిందో మాట్లాడుకోవడానికి వేరే సభ పెట్టుకుందాం, నేనూ వస్తాను. ఈరోజు విషయం అది కాదు. ప్రజల డబ్బుతో నడిచే ఒక సర్వీసులోకి స్త్రీలను రానివ్వకపోవడం, కోర్టు చెప్పాక ఒక్క కుర్చీ వేసి సరిపెట్టడం సమానత్వ హక్కుకు సంబంధించిన ప్రశ్న. ఆ సర్వీసు మనకు ఇష్టమా కాదా అన్నది తర్వాతి మాట.

రెండో కారణం ఇంకా మామూలుది. మన దగ్గరికి వచ్చే డిగ్రీ ఆడపిల్లలు దీని గురించి అడుగుతున్నారు. వాళ్ళకు దొరికేవి కోచింగ్ సెంటర్ల కరపత్రాలు, పత్రికల్లో క్రికెటర్ల ఫోటోలు. కపిల్‌దేవ్‌కు 2008లో, ధోనీకి 2011లో లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది ఈ టెరిటోరియల్ ఆర్మీయే. అవి గౌరవ హోదాలు. పరీక్ష రాసి వెళ్ళే దారి ఒకటుందని మన పిల్లలకు చెప్పేవాళ్ళు లేరు.

టెరిటోరియల్ ఆర్మీ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. 1948 చట్టం కింద ఏర్పడి, 1949 అక్టోబరు 9న రాజాజీ చేతుల మీదుగా ప్రారంభమైంది. ఉద్యోగమో, వ్యాపారమో చేసుకుంటూ ఏటా కొంతకాలం శిక్షణ తీసుకుని, అవసరమైనప్పుడు పిలిస్తే వచ్చే పౌరుల సైన్యం. రెగ్యులర్ సైన్యాన్ని కాపలా పనుల నుంచి విడిపించడం, తుపానులు, వరదల్లో పౌర యంత్రాంగానికి సాయపడటం, అత్యవసర సేవలు ఆగకుండా చూడటం దీని పని. 1962, 1965, 1971 యుద్ధాల్లో కూడా పిలిచారు.

ఇందులోకి స్త్రీలు ఎలా వచ్చారన్నది మనం చదవాల్సిన కథ. 1950 సైనిక చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా అనుమతించిన విభాగాల్లో తప్ప స్త్రీలు సైన్యంలో చేరడానికి వీల్లేదు. 1992లో కొన్ని విభాగాలు తెరిచారు. మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచి మొదటి బ్యాచ్ 1993 మార్చిలో బయటికొచ్చింది. ఆ బ్యాచ్‌లో మొదటి నంబరు క్యాడెట్ ప్రియా ఝింగన్, స్త్రీలను ఎందుకు తీసుకోరని అంతకుముందే సైన్యాధిపతికి ఉత్తరం రాసిన మనిషి. ఒక ఉత్తరం! మన కార్యకర్తలు ఉత్తరాలు రాయడం మానేస్తున్న రోజుల్లో ఇది గుర్తు చెయ్యాలనిపించింది.

టెరిటోరియల్ ఆర్మీలో మాత్రం తలుపు ఇంకా మూసే ఉంది. 2016లో శిల్పీ గార్గ్‌ముఖ్ అందులో తొలి మహిళా అధికారి అయ్యారు కానీ, బయట ఉద్యోగాలు చేసుకునే సాధారణ స్త్రీలు దరఖాస్తు చేసుకునే వీలు లేదు. దీని మీద ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 1948 చట్టం 6వ సెక్షన్‌లో అర్హులెవరో చెప్పేచోట 'ఎవరైనా వ్యక్తి' అనే అర్థం వచ్చే మాట ఉంది. వ్యక్తి అంటే మగవాడేనా? 2018 జనవరిలో గీతా మిట్టల్ నాయకత్వంలోని ధర్మాసనం, ఆ మాటలో స్త్రీలు కూడా ఉంటారని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ప్రకటనల్లో స్త్రీలకు కూడా చోటు వచ్చింది.

ఎంత చోటు? 2025లో వచ్చిన ప్రకటనలో ఖాళీలు 19. పురుషులకు 18, స్త్రీలకు 1.

ఆ ఒక్కదాని సంగతి తర్వాత చెప్తాను. ముందు దారి చెప్తాను. ఎందుకంటే దారి తెలియక ఎవరూ దరఖాస్తే చెయ్యకపోతే, 'స్త్రీలు రావడం లేదు కాబట్టి ఒక్కటి చాలు' అనే జవాబు మన చేతులతో మనమే అందించినట్టవుతుంది.

వయసు 18 నుంచి 42 వరకు. ఇది చాలా పెద్ద విషయం. రెగ్యులర్ సైన్యంలో షార్ట్ సర్వీసుకు యూపీఎస్సీ పరీక్ష ద్వారా వెళ్ళాలంటే ఇరవై అయిదేళ్ళకే గడువు అయిపోతుంది. మన ఇళ్ళల్లో ఆడపిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడి, తన డబ్బుతో దరఖాస్తు ఫీజు కట్టుకునే సరికి ఆ వయసు దాటిపోతుంది. ముప్పయి, ముప్పయి అయిదేళ్ళ లెక్చరరుకీ, బ్యాంకు ఉద్యోగినికీ, సొంత దుకాణం నడిపే స్త్రీకీ ఇక్కడ దారి ఉంది.

చదువు డిగ్రీ. దాంతోపాటు 'లాభదాయకమైన ఉపాధి' ఉండాలి, ఆదాయానికి రుజువు చూపాలి. ఇక్కడ నాకొక పేచీ ఉంది. ఇంటిచాకిరీ ఉపాధి కాదన్నది ఎలాగూ పాత కథే. కుటుంబ వ్యాపారంలో పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గర కూర్చునే కోడలి పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఆమె పని చేస్తోంది, ఆదాయం మామగారిదో, భర్తదో అవుతోంది. కాబట్టి ఈ దారి పట్టాలనుకునే స్త్రీ మొదటి ఏర్పాటు పరుగు ప్రాక్టీసు కాదు, తన పేరున ఆదాయం నమోదు చేయించుకోవడం. పాన్ కార్డు, తన ఖాతాలో జీతం, తన పేరున రిటర్ను. ఈ సలహా సైన్యంతో సంబంధం లేనివాళ్ళకూ పనికొస్తుంది.

డిగ్రీలో ఉన్నప్పుడే ఎన్‌సీసీలో చేరడం మంచిది. తప్పనిసరి కాదు. కానీ 'సి' సర్టిఫికెట్ దాకా మూడేళ్ళు క్యాంపులకు వెళ్ళిన అమ్మాయికి మ్యాపు చదవడం, తుపాకి పట్టడం, పదిమంది ముందు గొంతెత్తి ఆజ్ఞ ఇవ్వడం కొత్తగా ఉండవు. చివరిది అన్నిటికన్నా కష్టం. చిన్నప్పటి నుంచీ మెల్లగా మాట్లాడమని నేర్పాం కదా.

రాతపరీక్షలో తర్కం, ప్రాథమిక గణితం, సామాన్య విజ్ఞానం, ఇంగ్లీషు ఉంటాయి. ప్రతి భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ప్రశ్నలు పదో తరగతి లెక్కలకు మించి భయపెట్టేవి కావు. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు ఒక్కటే గండం. ఏడాది ముందు నుంచి రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక గట్టిగా చదివితే గట్టెక్కవచ్చు. పాసైతే ప్రాథమిక ఇంటర్వ్యూ బోర్డు, ఆ తర్వాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, చివర వైద్య పరీక్షలు.

సెలక్షన్ బోర్డు అయిదు రోజులు. మొదటి రోజే వడపోత: ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు, దాన్ని గుంపులో చర్చించమంటారు. అక్కడ నెగ్గినవాళ్ళకు మానసిక పరీక్షలు, మైదానంలో గుంపు పనులు, ఒంటరి అవరోధాలు, సుదీర్ఘమైన ఇంటర్వ్యూ. ఖాళీ పీపాలు, పలకలు, తాళ్ళు ఇచ్చి గుంపును అవతలికి దాటించమంటారు. కండబలం కంటే, మాట కలుపుకుని పని చేయించగలరా అన్నది చూస్తారు. డ్వాక్రా సంఘం నడిపిన స్త్రీకి ఇది తెలిసిన విద్యే. అయినా పరుగు, పుషప్‌లు ఏడాది ముందు నుంచే మొదలుపెట్టాలి. తెల్లవారుజామున ఊళ్ళో ఆడపిల్ల ఒక్కతే పరిగెత్తితే నోళ్ళు లేస్తాయి. నలుగురిని జతచేసి పంపడం మన సంఘాలు చెయ్యగలిగిన పని.

ఎంపికయ్యాక శిక్షణ ఇలా ఉంటుంది. మొదటి ఏడాది నెల రోజులు ప్రాథమిక శిక్షణ. మొదటి ఏడాదితో కలిపి ప్రతి ఏటా రెండు నెలల శిబిరం. మొదటి రెండేళ్ళలో ఎప్పుడైనా చెన్నై అకాడమీలో మూడు నెలలు. అంటే తొలి రెండేళ్ళలో మొత్తం ఎనిమిది నెలలు ఇంటికి దూరం. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకోవాలి. పసిబిడ్డ ఉంటే ఎవరు చూస్తారు? అత్తగారు చూస్తారనుకుని బయలుదేరడం ఏర్పాటు కాదు. ఆ ఎనిమిది నెలల పని ఇంట్లో ఎవరెవరు పంచుకుంటారో భర్తతో తేల్చుకుని వెళ్ళాలి.

ఉద్యోగం పోతుందేమోనన్న భయానికి చట్టంలో జవాబుంది. సైనిక సేవకు పిలుపు వచ్చి వెళ్ళినవారిని, సేవ ముగిశాక అంతకంటే తక్కువ కాని షరతులతో తిరిగి పనిలోకి తీసుకోవలసిన బాధ్యతను 1948 చట్టం 7వ సెక్షన్ యజమాని మీద పెట్టింది. ప్రైవేటు కాలేజీలో పనిచేసే అమ్మాయి ఆ సెక్షను నకలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది పూర్తికాలపు కొలువు కాదు. యూనిఫారంలో ఉన్న రోజులకే జీతం. పింఛను రావాలంటే అధికారులకు అలాంటి సేవ 20 ఏళ్ళు నిండాలి. దీన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం వదులుకోమని నేనెవరికీ చెప్పను.

ఇప్పుడు ఆ ఒక్క కుర్చీ. సైన్యంలోని న్యాయ విభాగానికి ఒక ఎంపికలో పురుషులకు ఆరు, స్త్రీలకు మూడు ఖాళీలు పెట్టారు. స్త్రీల జాబితాలో నాలుగో స్థానంలో ఉన్న అర్ష్‌నూర్ కౌర్‌కు, ఎంపికైన పురుషుడి కంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. అయినా చోటు రాలేదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 ఆగస్టు 11న తీర్పు వచ్చింది: 12వ సెక్షన్ కింద ఒక విభాగంలోకి స్త్రీలను అనుమతించాక, వారి సంఖ్యకు పరిమితి పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదు, ప్రతిభ ప్రకారం ఉమ్మడి జాబితా ఉండాలి. అది న్యాయ విభాగం గురించి ఇచ్చిన తీర్పు. కానీ అందులోని తర్కం టెరిటోరియల్ ఆర్మీ గుమ్మం ముందు ఆగిపోవాల్సిన కారణం నాకు కనిపించడం లేదు. 18కి 1 ఏ ప్రాతిపదిక మీద నిర్ణయించారు?

ఈ ప్రశ్న సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఎందరు స్త్రీలు దరఖాస్తు చేశారు, రాతపరీక్షలో ఎందరు నెగ్గారు, సెలక్షన్ బోర్డు దాకా ఎందరు వెళ్ళారు, స్త్రీల ఖాళీ ఒక్కటేనని తీర్మానించిన ఫైలు నోట్ నకలు. ఈ నాలుగూ అడుగుదాం. దరఖాస్తు ముసాయిదా నా దగ్గర ఉంది. భోజనాల తర్వాత కూర్చుని సరిచేద్దాం. మీ జిల్లాలో దరఖాస్తు చెయ్యాలనుకునే అమ్మాయిలు ఉంటే, వాళ్ళ వయసు, చదువు, ఉపాధి వివరాలు కూడా రాసి తెచ్చి ఇవ్వండి.