సిలువ ముందు చైనా పరువు



1600వ సంవత్సరం. మతేయో రిచ్చి అనే ఇటలీ కాథలిక్ గురువు, జెసూట్ సంఘం వాడు, బీజింగుకు ప్రయాణమయ్యాడు. వాన్‌లి చక్రవర్తికి కానుకగా గంటలు కొట్టే గడియారాలు, మరియమ్మ పటాలు వెంట తెచ్చుకున్నాడు. దారిలో మా తాంగ్ అని ఒక అధికారి తగులుకున్నాడు. అంతఃపుర నపుంసకుడు, సుంకాల వసూలు అతని చేతిలో ఉంది. తియాన్‌జిన్ దగ్గర వీళ్ళ పెట్టెలన్నీ విప్పించాడు. ఒకదాంట్లోంచి చెక్కతో చెక్కిన సిలువ బొమ్మ బయటపడింది. మేకులు, గాయాలు, రంగుతో దిద్దిన నెత్తురు. మా తాంగ్ అదిరిపడి కేకలు పెట్టాడు. ఇది చక్రవర్తిని చంపడానికి చేసిన చేతబడి బొమ్మేనన్నాడు.

రిచ్చి ఏం జవాబు చెప్పాడో ఆయనే రాసిపెట్టుకున్నాడు. "ఈయన మా దేవుడు" అనలేదు. ఆ మనుషుల మధ్య, ఆ సమయంలో ఆ మాట పొసగదనుకున్నాడు. మా దేశపు మహాత్ముడు, మా కోసం బాధలు పడ్డాడు, మరిచిపోకూడదని బొమ్మ చేసుకున్నాం అన్న ధోరణిలో సర్దిచెప్పాడు. చైనా భాష నేర్చి, అక్కడి శాస్త్రాలు చదివి, పండితుల పట్టుబట్టలు కట్టినవాడు. అలాంటి మనిషికి గొంతులో అడ్డుపడింది ఏమిటి? ప్రాణభయం కొంత. మిగతాది సిగ్గు. చైనాలో క్రైస్తవానికి ఎదురైన అసలు చిక్కు అవిశ్వాసం కాదు, అవమానం అని నా అభిప్రాయం. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇంతే.

చైనాలో సిగ్గంటే నలుగురికీ భయపడటం ఒక్కటే అనుకుంటే పొరపాటు. దండనతో పాలిస్తే జనం దొరక్కుండా తప్పించుకోవడం నేర్చుకుంటారు, శీలంతో, మర్యాదతో పాలిస్తే సిగ్గెరిగి దారిన నడుస్తారు అన్నది కన్ఫ్యూషియస్ బోధ. ఆయన బాటలోని మెన్షియస్ ఇంకో అడుగు ముందుకేసి, సిగ్గుపడగలగడమే ధర్మానికి మొలక అన్నాడు. ఈ సిగ్గు ఒక్కడిది కాదు. కొడుకు పేరు తెచ్చుకుంటే చచ్చిపోయిన తాతకూ కీర్తి, తప్పు చేస్తే పుట్టబోయే మనవడికీ మచ్చ. "మా వంశంలో ఇట్లాంటిది ఎన్నడూ లేదు" అని మన పెద్దవాళ్ళు అంటారు చూడండి, ఆ మాటకు గుడి కట్టి పూజిస్తే ఎట్లా ఉంటుందో అట్లా అనుకోండి.

గుడి అన్నది ఉత్తి పోలిక కాదు. చైనా సంప్రదాయపు ఇంట్లో పితృదేవతల పేర్లు రాసిన చెక్క పలకలు ఉంటాయి. వాటి ముందు అగరొత్తులు వెలిగించి, పండుగ వంటలు పెట్టి, పెద్దకొడుకు సాగిలపడి మొక్కుతాడు. బాప్తిస్మం తీసుకున్న కొడుకు అక్కడ తల వంచకుండా నిలబడితే చుట్టపక్కాలకు వేదాంత చర్చ కనబడదు. తండ్రిని పదిమందిలో చెంపదెబ్బ కొట్టినట్టే కనబడుతుంది. రిచ్చి, అతని తర్వాతి జెసూట్లు ఇది కుటుంబ మర్యాదేగానీ విగ్రహారాధన కాదని ఒప్పుకున్నారు. మరో కాథలిక్ సంఘమైన డొమినికన్లు కాదన్నారు. తగవు రోముకెక్కింది. 1704లో, 1715లో పోపు నిషేధించాడు. 1742లో పద్నాలుగో బెనెడిక్టు తలుపులు పూర్తిగా మూసేశాడు. రెండేళ్ళకు, 1744లో, అదే పోపు, స్థానిక ఆచారాలను కలుపుకుపోయే మన దక్షిణాది జెసూట్ల పద్ధతుల మీదా ఆంక్షలు ఖరారు చేశాడు. పుంగనూరు ప్రాంతంలో సన్యాసి వేషంతో తిరిగిన ఫ్రెంచి గురువులది కూడా ఆ బాటే. చైనా విషయంలో రోము మనసు మార్చుకోవడానికి 1939 దాకా పట్టింది. కాంగ్‌షీ చక్రవర్తి మాత్రం 1715 నిషేధం తర్వాతే ఒళ్ళు మండి, తాను 1692లో ఇచ్చిన అనుమతినే వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడొక విరోధి గురించి చెబుతాను. నాకు ఇష్టమైన విరోధి. పేరు యాంగ్ గ్వాంగ్‌షియన్. 17వ శతాబ్దిలో జెసూట్ల మీద కత్తి కట్టినవాడు. ఆడమ్ షాల్ అనే జెసూట్ ఖగోళ శాఖకు అధిపతిగా ఉండేవాడు. యాంగ్ ఫిర్యాదుతో ముసలితనంలో జైలుపాలై, మరణశిక్ష దాకా వెళ్ళి బయటపడ్డాడు. చైనీయ క్రైస్తవ ఖగోళజ్ఞులు ఐదుగురు మాత్రం ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ యాంగ్ తన పుస్తకంలో ఏం చేశాడంటే, షాల్ అచ్చువేయించిన క్రీస్తు చిత్రాలనే తిరిగి అచ్చేశాడు, సిలువ బొమ్మతో సహా. చూడండి, వీళ్ళు దేవుడని మొక్కుతున్నవాడు రాజద్రోహానికి చట్టప్రకారం శిక్షపడ్డ నేరస్థుడు అన్నాడు. మిషనరీలు సందుకాలో దాచుకున్నదాన్ని విరోధి బజారున పెట్టాడు. కానీ నన్నడిగితే, సువార్తల్లో ఉన్నది యాంగ్‌కే బాగా అర్థమైంది. అది అవమానపు చావే. రోమన్లు బానిసలకూ తిరుగుబాటుదార్లకూ బట్టలూడదీసి వేసిన శిక్ష అది. పౌలు కూడా సిలువను సిగ్గుపడాల్సిన విషయంగా లోకం చూస్తుందని ఎరిగే రాశాడు.

19వ శతాబ్దికి వచ్చేసరికి అవమానం దిశ మారింది. పడమటి దేశాలతో జరిగిన నల్లమందు యుద్ధాల ఫలితంగా, 1858, 1860 ఒడంబడికల్లో మిషనరీల హక్కులు ఫిరంగుల వెంట వచ్చాయి. అప్పటినుంచి చర్చిలో చేరినవాడు దేశాన్ని తలవంచుకునేలా చేసినవాళ్ళ పక్షం చేరినట్టు లెక్క. ఒక క్రైస్తవుడు పెరిగితే ఒక చైనీయుడు తగ్గినట్టేనన్న మాట అక్కడ సామెతలా పాకింది. 1900లో బాక్సర్లనే విదేశీ వ్యతిరేక తిరుగుబాటుదార్లు వేలమంది చైనీయ క్రైస్తవులను చంపారు.

ఈమధ్య వేదాంతులు కొందరు దారి మార్చారు. జాక్సన్ వూ అన్న పేరుతో రాసిన పరిశోధకుడు 2012లో ఒక పుస్తకం తెచ్చాడు. పాపం, శిక్ష, విడుదల అంటూ కోర్టు భాషలో చెప్పడంతోనే సరిపెట్టుకోవద్దు, పాపమంటే ముందు దేవుణ్ణి అగౌరవపరచడం, రక్షణ అంటే ఆ గౌరవం నిలబడటం అంటాడు. ఇది కొత్త కల్పన కాదు, రోమా పత్రికలో ఉన్నదే.

ఈ చూపుతో తప్పిపోయిన కుమారుడి కథ చదవండి. తండ్రి బతికుండగానే చిన్నవాడు ఆస్తి పంచమన్నాడు. అంటే "నువ్వెప్పుడు పోతావు" అని అడిగినట్టు. ఆస్తి తగలేసి, పందుల మధ్య బతికి, ఊరంతా చూస్తుండగా తిరిగొచ్చాడు. తండ్రి పరుగెత్తాడు. ఇంటి పెద్ద పంచె ఎగగట్టి వీధిలో పరుగెత్తడమేమిటి? ఈజిప్టు, లెబనాన్‌లలో ఏళ్ళ తరబడి ఉన్న కెన్నెత్ బెయిలీ అంటాడు, కొడుకు మీద పడాల్సిన ఊరి చూపులు తన మీదికి తిప్పుకోవడానికే ఆ పరుగు అని. చైనా ఇంట్లో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అతడికి చిన్నకొడుకు కంటే పెద్దకొడుకే ఎక్కువ గుచ్చుకుంటాడు. పితృకర్మలు మోయాల్సినవాడు అతిథుల ఎదుట లోపలికి రానని భీష్మించి, తండ్రిని వాకిట్లోకి రప్పించి నిలదీశాడు. పరువు కోసం పట్టుబట్టినవాడే ఇంటి పరువు తీశాడు.

అయినా ఈ గౌరవ వేదాంతాన్ని నేను పూర్తిగా మింగలేను. పడమటివాళ్ళకు అపరాధభావం, తూర్పువాళ్ళకు సిగ్గు అని గీత గీయడం పుస్తకాల్లోనే కుదురుతుంది. అంతకంటే పెద్ద అనుమానం, గౌరవం అన్నప్పుడు ఎవరి గౌరవం అని.

ఒక ఉదంతం చెబుతాను. హాంగ్‌జోవ్‌లో యాంగ్ తింగ్‌యున్ అని పెద్ద ఉద్యోగి ఉండేవాడు. 1611లో బాప్తిస్మం కోరాడు. ఇంట్లో రెండో ఆడమనిషి ఉంది, వంశానికి ఇద్దరు కొడుకులను కన్నది ఆమే. ఆమెను దూరం పెడితేగానీ కుదరదన్నారు గురువులు. నాలాంటి హోదా ఉన్నవాడు మీ దగ్గర చేరతానంటే ఈ చిన్నదానికి పట్టుబడతారేమిటని స్నేహితుడు లి జిజావో దగ్గర వాపోయాడు. వాళ్ళ గొప్పతనమంతా అక్కడే ఉందని లి నచ్చజెప్పాడు. తింగ్‌యున్ ఆమెను వేరుగా ఉంచి, మైకేల్ అన్న పేరుతో క్రైస్తవుడయ్యాడు. గురువుల నియమం నిలబడింది, ఉద్యోగి హోదాకూ లోటు రాలేదు. మరి ఆ పిల్లల తల్లి పరువు మాటేమిటని వాళ్ళలో ఎవరూ అడిగినట్టు నాకు కనబడలేదు.