బాటలు లేని వనము

అలాస్కాలో, ధ్రువవృత్తమునకు ఉత్తరమున, బ్రూక్స్ పర్వతశ్రేణి నడుమ సుమారు 34 వేల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియున్న గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ జాతీయవనమున రహదారి యొక్కటియు లేదు. యాత్రికులకై తీర్చిన కాలిబాటయు లేదు. 1929లో తొలిసారి ఆ ప్రాంతమునకు వచ్చిన అటవీశాస్త్రజ్ఞుడు బాబ్ మార్షల్, కోయుకుక్ నది ఉత్తరపాయకు ఇరుదరుల నిలిచిన రెండు శిఖరములను చూచి, ‘ఆర్కిటిక్ ద్వారములు’ అను అర్థమున పెట్టిన పేరే, 1980లో జాతీయవనమైనపుడు దానికి స్థిరపడినది.

చిన్న విమానము యాత్రికుని ఏ సరస్సుమీదనో, ఇసుకమేటమీదనో దింపి మరలిపోవును; అటుపైన నడకయే. దూరమునకు పచ్చని తివాచివలె దోచు టండ్రా నేల, దగ్గరకు పోయి చూచిన, గడ్డిదుబ్బులమయము: దుబ్బుపై అడుగిడిన అది పక్కకొరగును, సందున నిడిన పాదము మంచునీటిలో దిగబడును. దినమంతయు శ్రమించి ఆరుమైళ్లు సాగినచో అది మంచి నడకయే. ఏరు దాటుటకు ముందు వీపుసంచి నడుముపట్టీని విప్పుకొనవలెను. కాలు జారినచో ఆ బరువు మనిషిని నీట ముంచును. ఎలుగుబంట్లు విప్పజాలని గట్టి డబ్బాలలో ఆహారము దాచుట తప్పనిసరి.

ఈ సీమను జనశూన్యమనువారితో నేనేకీభవింపను. అనక్టువుక్ కనుమలో నూనామియుట్ ప్రజలు, కారిబూ మృగముల వలసదారిని కనిపెట్టి, నేటికిని వేటాడి జీవించుచున్నారు.