కొళాయి వెనకాల



తెల్లవారుజామున కొళాయి కింద బిందె పెట్టేటప్పుడు మనం ఒక్కటే చూస్తాం, నీళ్ళు వచ్చాయా లేదా అని. వస్తే సంతోషం, రాకపోతే కోపం. ఆ నీళ్ళు ఏ దారిన వచ్చాయో, ఆ దారికి ఎంత వయసయిందో అడిగేవాళ్ళు తక్కువ. ఈవేళ ఆ సంగతే మీతో చెప్పాలనుకుంటున్నాను.

మాది తాడిపత్రి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడి, నల్ల బండలు, ఎండ, ఇవీ మా ఊరి గుర్తులు. మా అనంతపురం సీమలో ఏడాది పొడుగునా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పెన్నలో నీళ్ళు కనిపించే రోజుల కంటే ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. అయినా మా జేజి ఏనాడూ దాన్ని ఎండిన ఏరు అనలేదు. "నీళ్ళు కింద పండుకోనుండాయి, లేపితే లేస్తాయి" అనేది.

ఆమె చెలమ తీసే పద్ధతి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. ఇసుకలో మోకాటి లోతు గుంత తీసేది. మొదట ఊరిన మడ్డినీళ్ళను టెంకాయ చిప్పతో తోడి పారబోసేది. రెండోసారి ఊరినవీ పారబోసేది. మూడోసారి ఊరిన తేటనీళ్ళే కడవలోకి. మరునాడు మళ్ళీ వెళ్తే, జారిన ఇసుక ఎత్తిపోసి, పైన కట్టిన పాచి తీసి, మళ్ళీ మొదటినుంచీ అదే పని. "నిన్న తీసిన చెలమే గదా జేజీ, మళ్ళీ ఎందుకూ?" అని నేను విసుక్కునేదాన్ని. "తీసేది ఒకనాడు, చూసుకునేది దినమూ" అనేది ఆమె.

ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. మా చెల్లెలు కాపురముండే పట్టణంలో నీటి శుద్ధి కేంద్రం చూడడానికి మహిళా మండలి వాళ్ళతో కలిసి వెళ్ళాను. చూడగా చూడగా అది కొత్త వింతేమీ కాదు, మన వంటింటి పనే. పచ్చినీటిలో పటిక కలుపుతారు. మన పెద్దలు కడవ లోపల ఇండుపగింజ అరగదీసి మడ్డి దించినట్లే, పెద్ద తొట్టిలో మడ్డి అడుగుకు దిగుతుంది. పైనున్న నీటిని ఇసుక, గులకరాళ్ళ పరుపు గుండా వడకడతారు. చివర క్లోరిన్ కలిపి గొట్టాల్లోకి వదులుతారు. అంటే మా జేజి చెలమే, కాకపోతే ఊరికంతటికీ ఒక్క చెలమ!

అయితే ఆ చెలమను చూసుకునేవాళ్ళే కరవయ్యారు. ఇసుక పరుపును కింది నుంచి గాలి, నీళ్ళు పంపి తరచూ కడగాలి. అక్కడ గాలి పంపే యంత్రం చెడిపోయి చాలా కాలమయింది. ఇసుక, బురద కలిసి ఉండలు కట్టాయి. నీళ్ళు ఇసుకలో ఇంకక, పగుళ్ళు చేసుకుని తిన్నగా కిందికి దిగిపోతున్నాయి. వాల్వులు తుప్పుపట్టి తిరగడం లేదు.

"మరి బాగు చేయరేమయ్యా?" అని అక్కడ పనిచేసే పెద్దాయనను అడిగాను. ఆయన నవ్వి, "ఇసుక మార్చాలంటే రెండు మూడు దినాలు నీళ్ళు ఆపాల తల్లీ. ఆపితే ఖాళీ బిందెలు పట్టుకొని రోడ్డుమీదికి వచ్చేది మీరే గదా!" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. నేనూ అలా బిందె పట్టుకొని వెళ్ళినదాన్నే. నీళ్ళు రాలేదని అడిగాను గాని, ఇసుక ఎప్పుడు మార్చారని ఏనాడూ అడగలేదు. ఆ ఏడు వానలకు మా చెల్లెలి కొళాయిలో ఎర్రనీళ్ళు వచ్చాయి. దాని కొడుక్కు కామెర్లు వచ్చి, నెల రోజులు మంచాన పడి లేచాడు. ఆ వీధిలో మరో నలుగురు పిల్లలూ అంతే. తప్పు ఫలానా వారిదని నేను చెప్పలేను. కాని అడగవలసిన వాళ్ళలో నేనూ వున్నాను గదా అన్న బాధ మాత్రం పోలేదు.

ఇసుక పరుపు విలువ తెలియాలంటే ఒక పాత కథ వినండి. జర్మనీలో హాంబర్గు, ఆల్టోనా అని పక్కపక్కనే ఆనుకొని రెండు ఊళ్ళు. రెండూ ఎల్బా నది నీళ్ళే తాగేవి. ఆల్టోనా వాళ్ళు ఇసుకలో వడగట్టి తాగేవారు, హాంబర్గు వాళ్ళు వడగట్టకుండా తాగేవారు. 1892లో కలరా వచ్చింది. హాంబర్గులో 8,000 మందికి పైగా చనిపోయారు. ఆల్టోనాలో పోయిన ప్రాణాలు చాలా తక్కువ. ఒక వీధికి ఇటు చావు, అటు బతుకు!

శుద్ధి కేంద్రం బాగున్నా, గొట్టం బాగుండకపోతే అంతా వ్యర్థమే. పాత ఇనుప గొట్టాల లోపల తుప్పు గడ్డకట్టి దారి ఇరుకవుతుంది. అతుకుల దగ్గర చీలికలు వస్తాయి. నీళ్ళు వదిలినంతసేపూ ఆ చీలికల్లోంచి నీళ్ళు బయటికి పోతాయి. ఆపిన తరవాత గొట్టం ఖాళీ అయి, పక్కనున్న మురుగును లోపలికి పీలుస్తుంది. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోను, 2018 మార్చిలో గుంటూరులోను మురుగు కలిసిన నీళ్ళు తాగి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక మన జిల్లా దాహం సగం తీర్చే తుంగభద్ర సంగతి. 1953లో పూర్తయిన ఆనకట్ట అది. అక్కడి నుంచి ఎగువ కాలువ మీదుగా మనకు నీళ్ళొస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో, పారే నీటిలోనే ఉక్కు పలకలు దించి వారం రోజుల్లో అడ్డు కట్టారు. ఆ పనివాళ్ళకు చేతులెత్తి మొక్కవలసిందే. కాని ఆ లోపల పోయిన నీళ్ళు పోనే పోయాయి. తెగింది ఒక గొలుసు, ఆగిపోయింది మూడు రాష్ట్రాల గుండె!

మన పల్లెలకు నీళ్ళిచ్చే సత్యసాయి పథకం చూడండి. 1995లో మొదలై 700కు పైగా గ్రామాలకు గొట్టాలు వేశారు. నదుల ఇసుకలో తవ్విన బావుల నీళ్ళను కూడా అందులో వాడారు, అంటే అవీ చెలమలే! ఆ రోజు ఫ్లోరైడు నీళ్ళ బాధ నుంచి ఎన్నో ఊళ్ళు గట్టెక్కాయి. ఇప్పుడా గొట్టాలకూ ముప్పయ్యేళ్ళ వయసు. మనుషులకు లాగే వాటికీ కీళ్ళనొప్పులు వస్తాయి.

ప్రారంభోత్సవానికి టెంకాయ కొడతాం, దండలు వేస్తాం, ఫొటోలు దిగుతాం. ఇసుక మార్చిన రోజున ఎవరయినా దండ వేశారా? వాల్వు మార్చినవాడి పేరు ఏ రాతిపలక మీదయినా వుందా? కట్టడం పండుగ, కాపాడడం చాకిరి. ఇంటి చాకిరి లాగే అదీ ఎవరికీ కనిపించదు, మానేసిన రోజునే కనిపిస్తుంది. ఆ బాధ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

కాబట్టి మనం చేయగలిగినవి కొన్ని చెబుతాను. కొళాయికి మోటారు బిగించకండి. అది నీటితోపాటు మురుగునూ లాగుతుంది. నీళ్ళు అందడం లేదని కాలువ కంటే లోతుగా గుంత తీసి కొళాయి పెట్టకండి. మొదట వచ్చే రెండు బిందెలు అంట్లకూ, చెట్లకూ వాడండి, మా జేజి మొదటి నీళ్ళు పారబోసినట్లే. నీటిలో క్లోరిన్ వుందో లేదో చుక్కల మందు వేసి, రంగు చూసి చెప్పవచ్చు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు వుండాలి. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ప్రతి పల్లెలో అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పాలని ఏర్పాటు చేశారు. మీ ఊళ్ళో ఆ అయిదుగురిలో మీరెందుకు వుండకూడదు?

అన్నిటికంటే ముఖ్యం, అడిగే ప్రశ్న మార్చుకోవడం. "నీళ్ళెప్పుడొదులుతారు?" అని మాత్రమే కాదు, "ఇసుక ఎప్పుడు మార్చారు? ట్యాంకు ఎప్పుడు కడిగారు? పాత గొట్టం ఎప్పుడు తీస్తారు?" అని వార్డు సభలో అడగండి. రెండు రోజులు నీళ్ళాపి బాగు చేస్తామని ముందుగా చెబితే, బిందెలు నింపి పెట్టుకొని ఓర్చుకుందాం. ఆ రెండు రోజులు ట్యాంకరు పంపమని అడుగుదాం. మరమ్మతు చేసేవాడిని తిట్టకుండా మజ్జిగ ఇద్దాం.

మా జేజి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. పొద్దున కొళాయి తిప్పినప్పుడల్లా ఆమె మాట వినిపిస్తుంది: తీసేది ఒకనాడు, చూసుకునేది దినమూ.